మేనత్త పాటలు మొరాయించిన శనివారం

దీవిలోని నేయాఫు ఊరి రేవు పక్కన, పాత కొబ్బరి గోదాము మేడమీద ఉన్న రేడియో స్టేషన్‌లో ఫిపె రెండు పనులు చేస్తుంది. పొద్దున్నే చావు కబుర్లు, పడవల వేళలు చదువుతుంది. ఆ తర్వాత కంప్యూటర్ల మంచీచెడ్డా చూస్తుంది. ఒకప్పుడు పోస్టాఫీసులో టైపు కొట్టుకునే మనిషి, ఈ కంప్యూటర్లను నడిపే లినక్స్‌ని పడుతూ లేస్తూ నేర్చుకుంది. ఆమె నవ్వితే కింద బస్తాలు మోసేవాళ్లకు వినిపిస్తుంది.

ఆ శనివారం మధ్యాహ్నం మాత్రం నవ్వు రాలేదు. ఆదివారం ఎవరూ పని ముట్టరు. స్టేషన్‌కు తాళం పడ్డాక చర్చి పాటలు కంప్యూటరే వినిపించాలి. ఈసారి వంతు ఆమె మేనత్త సియాలే బృందానిది. ఫిపె ఆ పాటలన్నీ తన సొంత ఫోల్డరు నుంచి రేడియో ఫోల్డరులోకి జరిపింది. మీట నొక్కితే ఒక్కటీ పలకదు. ఫైళ్లు తెరిచే హక్కులన్నీ సరిగ్గానే ఉన్నా కంప్యూటర్ 'అనుమతి లేదు' అంటుంది.

అంతలో మేనత్తే మెట్లెక్కి వచ్చింది. ఆమె ముందు ఫిపె వాళ్ల నాన్నే ఏనాడూ గొంతెత్తలేదు.

"ఏమే, నిన్ను బృందంలో వెనక వరసలో నిలబెట్టానని కక్ష తీర్చుకుంటున్నావా?"

"అయ్యో అత్తయ్యా, నేనెంత, నా కక్షెంత! లోపలి కాపలా మీ పాటల్ని రానివ్వట్లేదండీ."

"ఎవడు వాడు? ఏ ఊరివాడు?" అంటూ ఆమె గదంతా కలియజూసింది.

మైకుల పని చూసే సెమిసి పకపకా నవ్వాడు. "వాడు మనిషి కాదు పెద్దమ్మా, లినక్స్‌లో ఉండే ఏర్పాటు. తీసి పారెయ్యక్కా, చిటికెలో పని!"

"పోయినేడు తీశావుగా!" అంది ఫిపె. " ఎవడో బయటినుంచి దూరి, చావు కబుర్ల వేళకి జూదం ప్రకటనలు మోగించలా? పాస్టరుగారు ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు."

"నిన్న సాయంత్రం మా పాటొకటి వచ్చిందిగా?" అంది మేనత్త.

ఫిపె చెయ్యి ఆగిపోయింది. నిజమే! ఆ ఒక్క పాటా మచ్చుకని పెన్‌డ్రైవు నుంచి నకలు తీసి పెట్టింది. ఇప్పుడు నొక్కితే అది హాయిగా పలికింది. మిగతావి నకళ్లు కావు, ఉన్నవి ఉన్నట్టు జరిపినవి. ప్రతి ఫైలుకూ కాపలా తగిలించే లేబుల్ తెరమీదికి తెచ్చి చూసింది. నకలు పాటకు రేడియో ఫోల్డరు లేబుల్ ఉంది. జరిపినవి ఆమె సొంత ఫోల్డరు పాత లేబుళ్లతోనే వచ్చి కూర్చున్నాయి; కాపలా చూసేది ఆ లేబులే.

"మీ పాటలు నడుముకు చాప చుట్టుకోకుండా చర్చికి వచ్చినట్టండీ, అత్తయ్యా," అంది ఫిపె. ఆ దీవిలో బట్టల మీద అల్లిన చాప చుట్టుకోనిదే ఎవరూ చర్చి గడప తొక్కరు.

"నా పాటలా? ఇంటిబట్టలతోనా?" మేనత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "ముందు చుట్టబెట్టవే, పరువు పోతుంది!"

ఫోల్డరులోని పాటలన్నిటికీ సరైన లేబుళ్లు తగిలించమని ఫిపె ఒక ఆజ్ఞ ఇచ్చి, మీట నొక్కింది. బృందగానం గదంతా నిండింది. మేనత్త కళ్లు మూసుకుని గొంతు కలిపింది, సెమిసి కింది స్వరం అందుకున్నాడు. ఫిపె నవ్వు గోదాము దాటి రేవుదాకా వెళ్లింది. కాపలాను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు చర్చి నుంచి వచ్చి గోతిలో వేడిరాళ్ల మీద వండే నేలపొయ్యి మీది ఆకులు తీస్తుంటే, వీధి పొడుగునా ప్రతి ఇంట్లోనూ ఆ పాటలే. చేమాకులో కొబ్బరిపాలతో ఉడికిన మాంసం చేత్తో పట్టుకుని ఫిపె వింటూ నిలబడిపోయింది.

"చల్లారిపోతోందే, తిను!" అని మేనత్త కేకేసింది.