రెండో రిమోట్

వికారాబాద్ స్టేషన్ నుంచి బజారు వైపు నడిచేవాళ్లు బాల్‌రాజ్ దుకాణాన్ని చూడకుండానే దాటిపోతారు. దుకాణం అనడం కూడా పెద్ద మాటే. రెండు ములిగీల, అంటే దుకాణపు గదుల, నడుమ, మెట్ల కింద మిగిలిపోయిన జాగాలో ఒక గాజు పెట్టె, పైన వేలాడే సెల్‌ఫోన్ కవర్లు, వెనక ఒక స్టూలు, స్టూలు మీద యాభై దాటిన మనిషి. ఫోన్ అద్దం మీద కొత్త పొర అతికించి, లోపల గాలి బుడగ మిగలకుండా బొటనవేలితో అంచుకు తోసెయ్యడం ఆయన పని. ఆ పని జరిగినంతసేపూ వచ్చినవాడు తన ఫోన్‌నే చూస్తుంటాడు. ఎడమ పక్క అరలో, కవర్ల కట్టల పైన, పాతబడి పసుపు రంగుకు తిరిగిన ఒక తెల్లటి పెట్టె ఉంటుంది. దానికి రెండు వైర్లు, రెండు రిమోట్లు. ఎవరూ దాని ఊసెత్తరు.

ఆ పెట్టె సంగతి తెలియాలంటే తాండూరు పోవాలి. తాండూరంటే బండలు. నేల కింది నుంచి పలకలు పలకలుగా లేచే రాయి, దాన్ని కోసి నునుపు చేసే మిషన్లు, ఆ మిషన్ల నుంచి లేచి ఊరంతా పరుచుకునే సన్నటి దుమ్ము. బాల్‌రాజ్‌ది నవాబుపేట దగ్గర రైతుల ఇల్లు. కంది కోతలకు చేయందించాల్సిన వయసులో ఒకసారి హైదరాబాద్ పోయి, టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టెను చూశాడు. చూసిన మనిషి మళ్లీ కొడవలి పట్టలేదు. తొంభైల నడుమ, తాండూరు స్టేషన్ దగ్గర ఒక ములిగీ కిరాయికి తీసుకుని, గంటకింతని ఆడుకోవడానికి నాలుగు టీవీలు పెట్టి, గుమ్మానికి ఆకుపచ్చ పరదా కట్టాడు. ఇంట్లో నాయిన మాత్రం, "పోరగాండ్లను ఆడిపిచ్చెటోనికి పిల్లనెవరిస్తరు?" అన్నాడు. ఆ మాట నిజంగానే నిలిచింది. పెళ్లి సంగతి ఈ ఏడు, వచ్చే ఏడు అనుకుంటూనే వెనకబడిపోయింది.

మన పాత ఆటలను తలుచుకుంటే ఒక సంగతి తడుతుంది. పులీమేక, అష్టాచెమ్మ, పచ్చీసు, చదరంగం, దేనికైనా ఎదుట ఒక మనిషి కావాలి. వామనగుంటల్లో మాత్రం ఒక్కరే కూర్చుని ఆడే పద్ధతి ఒకటుంది. దాన్ని సీతమ్మ ఆట అంటారు కొన్నిచోట్ల. అశోకవనంలో ఆమె ఎదుట కూర్చునే మనిషి లేడు గనక అలా కనిపెట్టిందట. ఒంటరివాళ్లు ఆట మానరు, ఆటనే తమకు సరిపడా మార్చుకుంటారన్నమాట. బాల్‌రాజ్ దుకాణంలో ఎక్కువగా నడిచేది ఇద్దరాడే ఆట. తుపాకులు పట్టుకున్న ఇద్దరు మనుషులు అడవుల్లో, మంచులో, కోటల్లో పక్కపక్కన పరుగెత్తాలి. ఒంటరిగా వచ్చిన పిల్లవాడు రెండు మూడు సార్లు చచ్చి, మొహం వేలాడేసుకుని, గంట నిండకముందే వెళ్లిపోయేవాడు. అది చూసి బాల్‌రాజ్ తన దుకాణానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. జోడి లేనివాడికి తనే జోడి. రెండో రిమోట్ పట్టుకుని పక్కన కూర్చునేవాడు.

మొదట అది వ్యాపారం కోసమే. తర్వాత తర్వాత ఎందుకోసమో ఆయనకే తెలియకుండా పోయింది. ఆ ఆటలో ఒక వీలుండేది. ఒకడి ప్రాణాలన్నీ అయిపోతే, ఒక మీట నొక్కి జోడి ప్రాణాల్లోంచి ఒకటి తీసుకోవచ్చు. అడగక్కర్లేదు. బాల్‌రాజ్ తన ప్రాణాలను జాగ్రత్తగా దాచి, చివరి కోట దగ్గరికి చేరాక పిల్లవాడు ఒక్కొక్కటే తీసుకుంటుంటే ఊరుకునేవాడు. తన బొమ్మ పడిపోయాక ఖాళీ రిమోట్ ఒళ్లో పెట్టుకుని, పిల్లవాడు గెలవడం చూసేవాడు.

దసరాకి నాలుగు టీవీలకూ, ఎనిమిది రిమోట్లకూ పసుపు కుంకుమ పెట్టేవాడు. పిల్లలు జమ్మి కొట్టి వస్తూ వస్తూ నేరుగా పరదా తోసుకుని లోపలికి దూరేవాళ్లు. బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టాల్సిన జమ్మి ఆకును తెచ్చి టీవీ మీద పెట్టి, టీవీకి దండం పెట్టి, "బంగారం తీస్కో" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. బాల్‌రాజ్ కూడా నవ్వేవాడు. రాత్రి దుకాణం కట్టేటప్పుడు ఆ ఆకులను తనే ఏరి జేబులో వేసుకునేవాడు.

ఆ తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి, ఆటలు కంప్యూటర్లలోకి పోయాయి, అక్కడి నుంచి ఫోన్లలోకి దూరాయి. పరదా చిరిగినా కుట్టించాల్సిన పని లేకుండా పోయింది. టీవీలూ, మూడు ఆటల పెట్టెలూ పాత సామాన్లవాడికి పోయాయి. బాల్‌రాజ్ మిగిలిన ఒక్క పెట్టెతో వికారాబాద్ చేరి మెట్ల కింద కూర్చున్నాడు.

మొన్న వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం, తెల్ల చొక్కా వేసుకున్న నలభై ఏళ్ల మనిషి ఒకాయన వచ్చి ఫోన్ చేతిలో పెట్టాడు.

"జర గార్డ్ వెయ్యన్న. కలెక్టరేట్ల పనున్నది, జల్ది."

బాల్‌రాజ్ పొర పరుస్తుండగానే ఫోన్ మోగింది.

"స్పీకర్ల వెయ్యన్న, మాట్లాడుత," అని ఆయన ముందుకు వంగాడు. "ఆఁ, తాండూరు ఈశ్వర్‌నే. బండల లోడు పొద్దుగాల్నే పంపించిన గద! ఊకె పరేషాన్ జెయ్యకు."

బాల్‌రాజ్ బొటనవేలు ఆగిపోయింది. స్టేషన్ వెనక ఇంటి ఈశ్వర్! ప్రతి ఆదివారం ఒంటరిగా వచ్చేవాడు. ఎగిరేటప్పుడు మీట నొక్కడం చాలదన్నట్టు రిమోట్ మొత్తాన్ని పైకి లేపేవాడు. ఊళ్లో అందరికన్నా ఎక్కువ సార్లు తన పక్కన కూర్చున్నవాడు.

ఫోన్ మాట అయిపోయి ఈశ్వర్ చూపు అర మీద పడింది.

"అరె! గిది ఇంక బతికే ఉన్నదా? మా ఊర్ల స్టేషన్ కాడ గేముల దుకాణం ఉంటుండె అన్న. ట్యూషన్ అని చెప్పి ఆడ్నే పడుంటుంటి. అమ్ముతవా?"

"అమ్మ."

"మా బిడ్డకు ఒక్కసారి సూపెట్టాలె. నేనేం చెప్పినా నమ్ముతలేదు."

"ఆదివారం నేనే తెస్త," అన్నాడు బాల్‌రాజ్. "కొత్త టీవీలకు ఊకెనే తగలదు. వైర్లు కలువనీకి నడుమ ఒక డబ్బ పెట్టాలె."

ఆ దుకాణం నాదే అన్న మాట నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. మనం చెబితే గుర్తొచ్చేది గుర్తు కిందకు రాదని ఆయన లెక్క. పక్కన కూర్చుని రెండో రిమోట్ పడితే ఎట్లాగూ తెలిసిపోతుంది కదా. ఇన్నేళ్లలో ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పుడు మాత్రం ఒకటి కావాలనిపించింది. తను ఆ పిల్లవాడి పక్కన కూర్చున్నానన్న సంగతి తనకు కాక ఇంకొక్కరికి తెలిసి ఉండాలి. అంతే.

ఆదివారం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టెను తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టుకుని రైలెక్కాడు. ధారూరు దాటాక నల్లరేగడి మొదలవుతుంది, కంది చేలు మొదలవుతాయి. నాయిన రమ్మన్న సేద్యమంతా కిటికీ బయట పచ్చగా నిలబడి ఉంది. బాల్‌రాజ్ ఆ వైపు పెద్దగా చూడలేదు.

ఈశ్వర్ ఇంట్లో టీవీ గోడంత ఉంది. బాల్‌రాజ్ వైర్లు కలిపి, ఆట ఉన్న క్యాసెట్ పెట్టి మీట నొక్కాడు. పాత సంగీతం ఒక్కసారిగా హాలంతా మోగింది. ఈశ్వర్ చొక్కా చేతులు మడిచి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మొదటి రిమోట్ తీసుకున్నాడు. అడగకుండానే. బాల్‌రాజ్ రెండోది తీసుకుని పక్కన కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి చదివే ప్రణవి సోఫా మీద కాళ్లు ముడుచుకుని చూస్తోంది.

"నాన్న, గీ బొమ్మలకు మొఖాలే లేవు!"

"మొఖాలెందుకు బిడ్డ, తుపాకులున్నయ్ గద."

ఆట మొదలైంది. ఈశ్వర్ ఎగరాల్సి వచ్చినప్పుడల్లా రిమోట్‌ను పైకి లేపుతున్నాడు. ప్రణవి పడీ పడీ నవ్వింది. బాల్‌రాజ్ లోపల ఏదో వెచ్చబడింది.

"ఆ దుకాణపాయన మస్తు కంత్రీ ఉంటుండె," అన్నాడు ఈశ్వర్, కళ్లు టీవీ మీది నుంచి తీయకుండా. "టైం కాకముందే లేపుతుండె."

"లేపకుంటె మీరు లేస్తుండెనా?" అన్నాడు బాల్‌రాజ్.

"గదీ నిజమే!" అని ఈశ్వర్ పెద్దగా నవ్వాడు. "కాని బిడ్డ, తాండూరు మొత్తంల గీ ఆటను ఒక్కన్నే ఆఖరి దాక గెలిచింది మీ నాన్ననే."

"ఒక్కనివే ఎట్ల? ఇద్దరుంటరు గద ఈ ఆటల. రెండో ఆయన ఎవరు?"

"జోడి ఉంటుండె."

"జోడి అంటే ఎవరు?"

ఈశ్వర్ ఒక గుండును తప్పించుకుని, ఇంకోదాన్ని తప్పించుకున్నాడు. "ఎవరో ఒకరు ఉంటుండెరి. యాదికి లేదు. టీవీ సూసుడే గని పక్కకెవరు సూస్తరు?"

బాల్‌రాజ్ చేతులు ఆగలేదు. వాటికి అలవాటే. కోట ద్వారం దగ్గర ఈశ్వర్ ప్రాణాలు అయిపోయాయి. ఒక మీట నొక్కాడు. బాల్‌రాజ్ ప్రాణాల్లోంచి ఒకటి తగ్గింది. కాసేపటికి ఇంకొకటి. చివరికి బాల్‌రాజ్ బొమ్మ ఒక్క ప్రాణంతో మిగిలి, గుండుకు ఎదురుగా కదలకుండా నిలబడి పడిపోయింది. కోట పేలింది.

"సూసినవా!" ఈశ్వర్ చేతులు పైకెత్తాడు.

"అంకుల్ కావాల్నే సచ్చిపోయిండు," అంది ప్రణవి. "నేను అంకుల్‌నే సూస్తున్న. వేలు తీసిండు."

తన మొహం వైపు ఎవరో చూస్తున్నారని బాల్‌రాజ్‌కు అప్పటిదాకా తెలియదు. ఖాళీ రిమోట్ ఒళ్లో పెట్టుకుంటుండగానే మాట జారింది.

"ఆ జోడిని నేనే. స్టేషన్ కాడి దుకాణం నాదే."

ఈశ్వర్ మొట్టమొదటిసారి పక్కకు తిరిగి ఆయన్ను చూశాడు. కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె కోసం తడుముకునే మనిషిలా ఆ మొహంలో వెతికాడు. మంచివాడు, నిజంగానే వెతికాడు.

"అరె, మొన్ననే చెప్పొద్దా అన్న!" అన్నాడు. "ఆఁ, ఆఁ, ఇప్పుడు యాదికొస్తున్నది. మీసాలు ఉంటుండె గద, పెద్దయి?"

బాల్‌రాజ్ ఎన్నడూ మీసాలు పెంచలేదు.

"ఉంటుండె," అన్నాడు.

తర్వాత అంతా మర్యాదగానే జరిగింది. భోజనం చేసి పొమ్మన్నారు, చేశాడు. ఈశ్వర్ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. "పెట్టెను ఈడ్నే ఉంచరాదన్నా, నువ్వేం జేస్కుంటవ్?" అని అడిగితే, "ఉంటది లే," అని పిన్నులు పీకి, వైర్లు చుట్టి, తువ్వాలలో కట్టుకున్నాడు. "మల్ల రాండ్రి అంకుల్, నాకు నేర్పియ్యాలె," అని ప్రణవి గేటు దాకా వచ్చింది. అంతలోనే ఆమె చేతిలో ఫోన్ మోగింది.

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాక బాల్‌రాజ్‌కు కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాడు కూడా. దానికి బదులు ఇంకో ఆలోచన వచ్చింది. చిన్నప్పటి ఈశ్వర్ మొహం ఎట్లా ఉండేది? కళ్లు మూసుకుని పిలిచాడు. రిమోట్ కనబడింది. దాని మీద గోరు కొరికిన బొటనవేలు కనబడింది, మణికట్టుకు నల్లదారం కనబడింది. ఆ పైన ఏమీ లేదు. జుట్టు ఎట్లా ఉండేదో, పన్ను ఊడి ఉండేదో ఏమో, నవ్వితే ఎట్లుండేవాడో. ఒక్క ఆదివారం కూడా తను పక్కకు తిరిగి చూసినట్టు లేదు. ఎంతమంది పిల్లలు! అందరివీ చేతులే. మొన్న ఫోన్‌లో పేరు వినకపోతే ఈశ్వర్ ఫోన్ మీద కూడా పొర అతికించి, మొహం చూడకుండానే పంపించేవాడు.

కర్ణాటక వైపు నుంచి వచ్చే బండి ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. బాల్‌రాజ్ సంచిని పక్క సీటు మీద పెట్టుకున్నాడు. బండి కదిలే వేళకు మూట ఎత్తుకున్న ఒక ముసలామె ఒగరుస్తూ వచ్చి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని కన్నడంలో అడిగింది.

"ఎవ్వరు లేరమ్మ, కూసో," అని బాల్‌రాజ్ సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె కూర్చుని మూట సర్దుకుంటుంటే, ఈసారి కిటికీ వైపు కాక, ఆమె మొహం వైపు చూశాడు.