ఆ ఈల నాకు వినపడలేదు

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆఫీసు నోయిడాలో, ఇల్లు ద్వారకాలో. ఉద్యోగం బయట నాకున్న పిచ్చి ఒక్కటే, పాటలు వినే చిన్న ప్లేయర్లు. చేతిలో ఫోన్ ఉండగా పాటల కోసం ఇంకో డబ్బా ఎందుకని పెళ్ళైన కొత్తలో మా ఆయన అడిగేవారు. ఇప్పుడు అడగడం మానేశారు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో పనిచేస్తారు. సంగీతమంటే ఆయనకు తెలిసింది టీవీలో వార్తల ముందు వచ్చే మోతే.

ఫోన్లు వచ్చాక ఈ ప్లేయర్ల పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అయిపోలేదు సరికదా, ఏటేటా కొత్తవి దిగుతున్నాయి. ఇప్పటివి చూడ్డానికి సబ్బుబిళ్ళంత ఉంటాయి, ఎత్తితే ఇటుకముక్కంత బరువు. పక్కన వాల్యూమ్‌కి గుండ్రటి చక్రం. రెండు రకాల ఇయర్‌ఫోన్లకు రెండు కన్నాలు. లోపల ఫోనుకున్నంత తెలివి. ఆ తెలివే నాకు గిట్టదు. పాట పెట్టమంటే అప్‌డేట్ చేయమంటుంది. మే నెలలో జేబులో వేసుకుంటే ఇస్త్రీపెట్టెలా కాలుతుంది. పొద్దున నిండుగా ఛార్జ్ చేసినా సాయంత్రం ఇల్లు చేరేలోపు దణ్ణం పెట్టేస్తుంది. అయినా ఆ చక్రం తిప్పుతుంటే వేలికి టిక్కు టిక్కుమని తగిలే సుఖం ఫోన్ అద్దం మీద వేలు రాస్తే వస్తుందా? పాట మధ్యలో బాసు ఫోన్ రాని యంత్రం ఒకటైనా ఉండాలా వద్దా?

నాలాంటివాళ్ళం ఢిల్లీలో ఏడుగురు తెలుగువాళ్ళం పోగయ్యాం. ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. నెలకో ఆదివారం అశోకా రోడ్‌లో తెలుగు భోజనం పెట్టే క్యాంటీన్‌లో కలుస్తాం. పప్పు, గోంగూర, పెరుగు అయ్యాక చేతులు కడుక్కొని, ఎవరి ప్లేయర్ వాళ్ళు తీసి, ఒకరిది ఒకరు వింటాం. కొత్తది ఏది వచ్చినా ముందు నేను విని రాయాలి, తర్వాతే మిగిలినవాళ్ళు కొంటారు. మాలో పెద్దాయన ఒకరున్నారు. రాజమండ్రివారు, కేంద్ర సర్వీసులో రిటైరయ్యారు, డెబ్బై దాటాయి. "నీవి పాముచెవులమ్మాయ్" అంటుండేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ లోపల పొంగిపోయేదాన్ని. ఎందుకు దాచడం?

మొన్న చలికాలం చివర్లో ఒక కొత్త ప్లేయర్ తెప్పించాను. నాలుగు రోజులు మెట్రోలో, రెండు రోజులు ఇంట్లో విని పెద్ద వ్యాసమే రాశాను. అందులో ఒక వాక్యం నాకే ముద్దొచ్చింది. "పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం లోతైన బావిలోకి తొంగిచూసినట్టుంది" అని. అది చదివి పెద్దాయన, ఇంకొకాయన అదే ప్లేయర్ కొనేశారు.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం పొద్దున నేను దోసెలు పోస్తుంటే మా అమ్మాయి వచ్చి నా ప్లేయర్ తీసుకుంది. దానికి పదకొండేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతుంది.

"మమ్మా, ఇస్‌మే సీటీ బజ్ రహీ హై" అంది. ఇందులో ఈల మోగుతోందట.

"పాటలోదై ఉంటుందిలే."

"గానా తో బంద్ హై!"

పాట ఆపేసినా మోగుతోందంటే ఏమిటా అని, స్టవ్ కట్టేసి వచ్చి నేను పెట్టుకున్నాను. ఏమీ లేదు. నేను రాసిన ఆ బావే. "చెవుల్లో గులిమి పేరుకుందేమో చూసుకో" అని నవ్వాను. అది మూతి ముడుచుకొని వెళ్ళి వాళ్ళ నాన్నకిచ్చింది. పేపరు చదువుతున్న మనిషి ఒక చెవిలో పెట్టుకొని, తల పక్కకి వంచి, "ఊఁ, ఉంది. సన్నగా. చెవి దగ్గర దోమ తిరిగినట్టు" అన్నారు.

తండ్రీకూతుళ్ళు కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కోపం కూడా వచ్చింది. తప్పులు పట్టేదాన్ని కదా, పరీక్ష పెట్టాను. అమ్మాయిని అటు తిరిగి కూర్చోమని, ఇయర్‌ఫోన్లు దాని చెవుల్లో ఉంచి, నేను వెనక నుంచి ప్లేయర్‌ని ఒకసారి ఆన్ చేస్తూ, ఒకసారి ఆపేస్తూ, "ఇప్పుడు ఉందా?" అని అడిగాను. పదిసార్లు అడిగితే పదిసార్లూ సరిగ్గా చెప్పింది. తర్వాత నవ్వుతూ నన్ను కళ్ళు మూసుకోమంది. నేను చెప్పినవాటిలో సగం తప్పు. అంటే కళ్ళు మూసుకొని చీటీలు తీసినట్టన్నమాట. అది నవ్వడం మానేసింది. "మమ్మా, సచ్ మే నహీఁ సునాయీ దేతా?" నిజంగానే వినపడదా అని మెల్లిగా అడిగింది. పొయ్యి మీద సగం కాలిన దోసె అలాగే ఉండిపోయింది.

ఆ మంగళవారమే సెలవు పెట్టి సాకేత్‌లో చెవి పరీక్షలు చేసే చోటికి వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడ్డప్పుడల్లా నొక్కాలి. మొదట్లో గబగబా నొక్కాను, బాగానే చేస్తున్నాననిపించింది. మధ్యలో చాలాసేపు ఏ చప్పుడూ లేదు. పరీక్ష చేసే అమ్మాయి యంత్రం ఆపేసి ఏదో రాసుకుంటోందేమోనని, అద్దంలోంచి ఆమె వైపు చూసి నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు.

బయటికొచ్చాక కాగితం చూపించింది. రెండు గీతలు బొంగురు శబ్దాల దగ్గర తిన్నగా వెళ్ళి, సన్నటి కీచు శబ్దాల దగ్గరికొచ్చేసరికి గుంటలో పడినట్టు కిందికి దిగిపోయాయి. ఎడమ చెవిది మరీ లోతుగా. నేను యంత్రం ఆగిపోయిందనుకున్నప్పుడే ఆమె ఆ శబ్దాలన్నీ వినిపించిందట. ఒకదాని తర్వాత ఒకటి, పెంచుకుంటూ.

"మ్యామ్, మీరు ఫ్యాక్టరీలో పనిచేస్తారా?" అని హిందీలో అడిగింది. "మిషన్ల పక్కన ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ చెవులు ఇలా ఉంటాయి."

"లేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటాను."

"మరి చెవులకి పెద్ద శబ్దం ఎక్కడిది?"

అప్పటికి గాని నాకు తట్టలేదు. పన్నెండేళ్ళుగా ద్వారకా నుంచి నోయిడాకి, మళ్ళీ వెనక్కి. పోయేటప్పుడు గంట పైన, వచ్చేటప్పుడు గంట పైన. రైలు సొరంగంలోకి దిగి హోరెత్తగానే చక్రం తిప్పేదాన్ని. పైకొచ్చాక తగ్గించాలని గుర్తుండేది కాదు. కొత్త ప్లేయర్ కొన్న ప్రతిసారీ ఇది పాతదానికంటే బలమైనదని సంబరపడ్డాను. ఆ బలమంతా ఎక్కడికి పోతోందో ఒక్కరోజు ఆలోచించలేదు.

"మందులేమైనా..." అన్నాను.

"పోయింది తిరిగి రాదు మ్యామ్. ఉన్నది కాపాడుకోండి." ఆమె చాలా మర్యాదగా చెప్పింది. నేను తల ఊపి, థాంక్యూ చెప్పి, బయటికొచ్చి, పక్కనున్న మాల్ ముందు ఆటో పిలవడం కూడా మరిచిపోయి అలా నిలబడ్డాను.

ఆ ఆదివారం అశోకా రోడ్‌లో భోజనాలు అవుతుండగానే విషయం చెప్పేశాను. ఇక ఆగలేకపోయాను. కాగితం కూడా చూపించాను. "నేను రాసింది తప్పు. ఆ ప్లేయర్‌లో ఈల ఉంది. నాకు వినపడలేదు. నమ్మి కొన్నవాళ్ళు క్షమించండి" అన్నాను. పెద్దాయన కలుపుతున్న ముద్ద ఆపేశారు.

"సన్నగా, ఆగకుండా, కీ అంటూ ఉంటుందా?" అని అడిగారు.

"అవును అంకుల్. మీకు వినపడుతోందా?"

"మొదటిరోజు నుంచీ. నా చెవుల్లోనే హోరు మొదలైంది, ఇయర్‌ఫోన్లతో బయటి చప్పుడు మూసుకుపోతే తెలుస్తోంది అనుకున్నానమ్మాయ్. ముసలితనం అనుకున్నాను. డాక్టరు దగ్గరికెళితే బలానికి ఏవో మాత్రలిచ్చాడు. రెండు వారాలుగా మింగుతున్నాను."

ఇంట్లో కొడుకు, కోడలు ఉన్నారాయనకి. "వాళ్ళకి ఒకసారి వినిపించొచ్చు కదా అంకుల్?" అని ఎలాగో అన్నాను.

"ఏ చప్పుడూ లేదని నువ్వు రాశాక ఇంకొకరిని అడగడమేమిటి?"

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు. మెల్లగా ముఖమంతా విప్పారింది. "అయితే నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట!" అని పక్కాయన భుజం తట్టి, గట్టిగా నవ్వి, వడ్డించే అతన్ని పిలిచి ఇంకోసారి పెరుగు వేయించుకున్నారు. ఆయన సంతోషం చూస్తూ నేను ముద్ద మింగలేక కూర్చున్నాను. నా మాట మీద గౌరవంతో ఒక మనిషి తన ఒంట్లో లేని రోగాన్ని నమ్మి మందు మింగాడు. ప్లేయర్ కొన్న రెండో ఆయన కూడా అప్పుడు నోరు విప్పాడు. తన ఇయర్‌ఫోన్లు పాడయ్యాయనుకొని కొత్తవి కొన్నాడట.

అమ్మిన షాపువాళ్ళు పేచీ లేకుండా మూడు ప్లేయర్లూ వెనక్కి తీసుకున్నారు. గ్రూపులో నా పాత వ్యాసం కింద జరిగిందంతా రాశాను. ఇక రాయనన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. కంటికీ చేతికీ తెలిసేవి నువ్వు రాయి, చెవికి తెలిసేవి ఇంకొకరు రాస్తారన్నారు. అందుకని ఇప్పుడు బరువు, వేడి, బ్యాటరీ, చక్రం బిగువు ఇవే రాస్తున్నాను. పైన ముందుగా నా చెవుల కాగితం ఫోటో పెడతాను. మెట్రోలో వినడం మానేశాను. ఇంట్లో మాత్రం రోజూ అరగంట వింటాను. వాల్యూమ్ ఒక హద్దు దాటకుండా తాళం వేసి, ఆ నంబరు మా ఆయన దగ్గర పెట్టాను.

నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన పాట ఒకటుంది. పల్లవి అయ్యాక చిన్న తాళాలు ఘల్లుమంటాయి. మొన్న అది పెట్టుకుంటే అవి మోగాయి. స్పష్టంగానే మోగాయి. ఎడమ ఇయర్‌ఫోన్ తీసేశాను, కుడిది తీసేశాను. రెండూ లేకపోయినా, మనసులో సాగుతున్న పాటలో అవి రావలసిన చోట, అంతే స్పష్టంగా మోగాయి. ఇన్నేళ్ళుగా నేను వింటున్నానో, గుర్తు చేసుకుంటున్నానో చెప్పే యంత్రం సాకేత్‌లో ఉన్నట్టు లేదు.