వసంత వాళ్ళ యార్క్ ఇల్లు, మా లాలాపేట్ కిటికీ

మా చిన్నప్పుడు ఇంటర్వెల్ బెల్లు కొట్టడం ఆలస్యం... క్లాసంతా వసంత బెంచీ చుట్టూ మూగేది. దాని ఫొటో ఆల్బమ్ కోసం.

వసంత వాళ్ళ నాన్న యూనివర్సిటీలో ప్రొఫెసరు. పరిశోధన పని మీద ఇంగ్లాండులో యార్క్ అనే ఊళ్ళో కుటుంబంతో సహా రెండేళ్ళు ఉండొచ్చారు. మా నాన్న అదే యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. మేం కడప నుంచి తార్నాక వచ్చాం... మాకదే ఫారిన్.

ఆ ఫొటోల్లో వాళ్ళు అద్దెకున్న ఇల్లుండేది. ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా నిలబడ్డ పాతకాలం ఎర్ర ఇటుకల మేడల్లో అదొకటి. వీధి తలుపు పైన అర్ధచంద్రాకారంలో అద్దం... దాంట్లో విసనకర్ర పుల్లల్లా సన్నని కమ్మీలు. గడప పక్కన బూట్లకంటిన బురద గీక్కోవడానికి ఇనప పట్టీ!

"కిటికీలకు రెక్కలుండవే... ఇలా పైకి లేపడమే. గోడలోపల బరువులు వేలాడుతుంటాయి, అందుకే తేలిగ్గా లేస్తాయి" అనేది వసంత, గాల్లో చేత్తో కిటికీ లేపి చూపిస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ గోడలకు ప్లాస్టరింగ్ లేకపోతే అందరూ "అబ్బ, ఎంత బాగుందో" అన్నారు. తార్నాక పక్కనే లాలాపేట్‌లో సగం కట్టగానే మేం చేరిపోయిన ఇంటికీ ప్లాస్టరింగ్ లేదు మరి... దాన్నెవరూ ఫొటో తీయలేదు!

మా ఇంట్లో వెనకవైపు చిన్న గది నాదన్నారు. దానికి ఒకే ఒక్క కిటికీ, దక్షిణం వైపు. అక్కడ నిలబడితే దూరంగా క్యాంపస్ చెట్లు కనిపించేవి. నాకంటూ ఉన్న వైభవమంతా అదే. అయితే ఆ మూల కిటికీ మంచిది కాదు, మూసెయ్యమని మా పెదనాన్న పట్టుబట్టాడు. నేను ఏడ్చి గోల చేస్తే నాన్న కాస్త మెత్తబడ్డాడు... ఇవాళ చూద్దాం, రేపు చూద్దాం అంటున్నాడు.

సరిగ్గా ఆ సమయంలోనే నా బుద్ధి గడ్డి తిన్నది. మన తలుపు మీద కూడా అలాంటి అద్దం పెట్టిద్దామని అడగడానికి, వసంతను బతిమాలి ఒక ఫొటో ఇంటికి తెచ్చాను.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. అద్దం వంక కాదు... పై అంతస్తు వంక.

"చూసినావా పాపా... పైన ఆ చివర కిటికీ? ఇటుకలు పెట్టి మూసేసినారు. దొరలకు గూడా వాస్తు ఉండాది!"

"మీ అన్న చెప్పింది గూడా అదే గదా" అంది అమ్మ.

"ఊరికే ఏలినారా మనల్ని? ఇట్లాంటివన్నీ చూసుకోనే ఏలినారు."

ఆ ఫొటోలో ఏది దక్షిణమో ఏది ఉత్తరమో ఆయనకెలా తెలిసిందో నాకిప్పటికీ అర్థం కాదు. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి నా కిటికీ ఉన్నచోట పచ్చి సిమెంటు వాసన... గదంతా చీకటి.

ఉక్రోషం పట్టలేక వసంతనే అడిగాను, ఆ కిటికీ ఎందుకు మూశారని. "పూర్వం అక్కడ కిటికీలకు కూడా పన్ను వేసేవాళ్ళటే... అది కట్టలేక కొందరు మూసేసుకున్నారని ఆ ఇంటి ఓనరావిడ చెప్పింది" అంది. చూశారా... అది కూడా దానికే తెలుసు!

పరుగెత్తుకెళ్ళి నాన్నకు చెప్పాను. ఆయన నవ్వేశాడు. "అద్దెకున్నోళ్ళకు వాస్తు రహస్యం చెప్తారా ఎవరన్నా?" అన్నాడు. నా గది అలాగే ఉండిపోయింది, పగలు కూడా లైటేసుకుని.

మొన్న తార్నాక మెట్రో మెట్ల దగ్గర వసంత కనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత నేను ఆత్రంగా అడిగిన మొదటి మాట ఆ యార్క్ ఇంటి గురించే. అది హ్యాండ్‌బ్యాగు సర్దుకుంటూ, "ఏమోనే... చలి తప్ప ఇంకేం గుర్తులేదు" అంది.

ఆ ఇంట్లో ఉన్నది అది. ఇటుక ఇటుకా గుర్తుపెట్టుకున్నది నేను! మర్చిపోగలిగినందుకు కూడా దాని మీద కుళ్ళొచ్చింది.

లాలాపేట్ ఇల్లు కొట్టేసి ఫ్లాట్లు కట్టారు. వసంతదీ ఫ్లాటే, నాదీ ఫ్లాటే... అవే జారుడు అద్దాల కిటికీలు, ఎదురుగా అదే పక్కవాళ్ళ గోడ. కుళ్ళుకోవడానికైనా ఒకరి ఇల్లు ఇంకొకరి ఇంటిలా ఉండకూడదు కదండీ...

చిన్నప్పుడు ఎవరి ఇల్లు చూసి మీ కడుపు మండిందో దాచకుండా చెప్పండి... నాకు కాస్త తోడుగా ఉంటుంది.