ఆదివారం ఆబిడ్స్‌లో మా చెల్లి

దయ్యాల కబుర్లు మొదలైతే నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే మనిషిని. బషీర్‌బాగ్‌లోని ఒక ల్యాబ్‌లో పన్నెండేళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్నాను. మిషన్ ఇచ్చిన అంకెను నమ్ముతాను, అనుమానం వస్తే ఇంకోసారి చేసి చూస్తాను. ఇది ఇంకోసారి చేసి చూడటానికి వీల్లేని విషయం. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఇల్లు నాంపల్లిలో, స్టేషన్‌కు దగ్గర్లో. నాన్న లేరు. అమ్మ, నేను, నాకంటే తొమ్మిదేళ్లు చిన్నదైన చెల్లి సౌమ్య. సౌమ్య ఎమ్మెస్ చదవడానికి జర్మనీలో ఒక చిన్న ఊరికి వెళ్లింది.

శని, ఆదివారాల్లో అక్కడ పిల్లలంతా తిరగడానికి వెళ్తారట. సౌమ్య కూడా వెళ్లేది. ఒక వారం కోట, ఒక వారం సరస్సు, ఒక వారం రైల్లో పక్క దేశం. ఆదివారం పొద్దున్నే మాకు ఫోటోలు వచ్చేవి. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో ఫోటో పెద్దది చేసి చూసేది, తర్వాత పక్కింటి ఆంటీకి చూపించేది. రెండో ఏడు చలికాలం వచ్చేసరికి సౌమ్య ఫోన్లు తగ్గాయి. క్లాసులు ఎక్కువని చెప్పింది. ఫోటోలు మాత్రం ఒక్క వారం కూడా తప్పలేదు. ఫోటోలు వస్తున్నాయి కదా, బాగానే ఉందనుకున్నాం.

నవంబర్ ఆఖర్లో ఒక ఆదివారం, అమ్మకు పళ్లు కొందామని మొజంజాహీ మార్కెట్‌కు బయల్దేరి, ముందు ఆబిడ్స్‌కు వెళ్లాను. ఆదివారాలు అక్కడ మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెడతారు. యాదగిరన్నది ఒక చెప్పుల షాపు ముందు జాగా. సౌమ్య స్కూల్లో ఉన్నప్పటి నుంచి మేము ఆయన దగ్గరే కొనేవాళ్లం.

నన్ను చూడగానే ఆయన, "చెల్లె వొచ్చింది గదా. చెప్పనే లేదేంది బిడ్డా?" అన్నాడు.

"లేదన్నా, అది జర్మనీలోనే ఉంది."

"పోయిన ఆయితారం గీడికి వొచ్చింది. నేను బుక్కులు పరుస్తున్న. జుట్టు కత్తిరిచ్చుకుంది గదా, ముందుగాల నేను గుర్తు పట్టలే. పిలిస్తే పలకలే."

నేను నవ్వాను. సౌమ్యది నడుము దాటిన జడ. ఆ పొద్దున వచ్చిన ఫోటోలో కూడా ఆ జడ భుజం మీంచి ముందుకు పడి ఉంది. ఫోన్ తీసి ఆయనకు చూపించాను. ఆయన చూసి, "ఏమో బిడ్డా, నాకైతే గామె లెక్కనే కనిపిచ్చింది" అన్నాడు. నేను పళ్లు కొనుక్కుని ఇంటికి వచ్చేశాను. అమ్మకు కూడా చెప్పలేదు, చెప్పేంత విషయం అనిపించలేదు.

జనవరిలో ఇంకో ఆదివారం అటు వెళ్లాను. దాదాపు పదకొండున్నర. ఈసారి యాదగిరన్న నవ్వలేదు. స్టూల్ మీంచి లేచి నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పొద్దుగాల మల్ల వొచ్చింది. కాళ్లకు చెప్పుల్లెవ్వు. పానం బాగలేదన్నా అన్నది. నాంపల్లికి తొవ్వ ఎటు అని అడిగింది. గదేంది బిడ్డా, మీ ఇంటికి తొవ్వ నన్నడుగుతది?"

"నువ్వేం చెప్పావు?"

"సీదా పొమ్మని చెయ్యి చూపిచ్చిన. ఎన్క ఎవరో పుస్తకం ధర అడిగిన్రు. మల్లి చూసేవరకు లేదు."

ఇంటికి దారి అడిగిందన్న మాట నాకు నచ్చలేదు. ఆ రోజు ఫోటో ఇంకా రాలేదని అప్పుడే గుర్తొచ్చి, అక్కడే నిలబడి పోయిన వారానిది మళ్లీ తెరిచాను. సౌమ్య ఒక చెరువు గట్టున నవ్వుతూ కూర్చుంది. వెనకాల చెట్ల నిండా పచ్చటి ఆకులు. జనవరిలో అక్కడ మోకాలి దాకా మంచు పడిందని వారం కిందట తనే చెప్పింది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. వరుసగా ఆరుసార్లు చేశాను. హాస్టల్లో సౌమ్య పక్కగదిలో ఉండే రీనా అనే మలయాళీ అమ్మాయి నంబరు, ఎప్పుడో పార్సిల్ పంపినప్పటిది, నా దగ్గర ఉంది. అక్కడ అప్పుడు ఉదయం ఏడు. రీనా నిద్రమత్తులో ఎత్తింది. సౌమ్య చెరువు దగ్గరికి వెళ్లిందా అని అడిగాను. "అక్కా, సౌమ్య ఎక్కడికీ వెళ్లదు. రెండు నెలల నుంచి గది దాటి రావడమే తక్కువ. నాలుగు రోజులుగా కిచెన్‌లో కూడా కనపడలేదు, ఎవరైనా స్నేహితుల దగ్గరికి వెళ్లిందేమో అనుకున్నాను" అంది.

తలుపు కొట్టమన్నాను. కొట్టడం నాకు వినిపిస్తోంది. లోపలి నుంచి జవాబు లేదు. హాస్టల్ మనిషి మారుతాళం తెచ్చి తీసేదాకా నేను ఆ ఫుట్‌పాత్ మీద యాదగిరన్న స్టూల్ మీద కూర్చునే ఉన్నాను. ఆయన నీళ్ల సీసా తెచ్చిచ్చాడు.

సౌమ్య మంచం పక్కన నేల మీద పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది, స్పృహ లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. సాయంత్రానికి రీనా రిపోర్టులు పంపింది. అందులో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది; ఇంకోసారి చేయించమని రీనాకు రాశాను.

మూడో రోజు వీడియోలో చూపించారు. జడ లేదు. జుట్టు చెవుల పైదాకా ఎగుడుదిగుడుగా కత్తిరించి ఉంది. అది తనే కత్తెరతో కత్తిరించుకుందని, నవంబర్‌లోనని రీనా చెప్పింది. మాకు పంపినవన్నీ మొదటి ఏడు తీసుకున్న ఫోటోల్లో మిగిలినవి.

ఫిబ్రవరిలో ఇంటికి తీసుకొచ్చాం. రెండు పరీక్షలు తప్పిందట, చెప్పడానికి మొహం చెల్లలేదట. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, "మరి ఫోటోలు ఎందుకు పంపేదానివే?" అని అడిగాను.

"అమ్మ ఆంటీకి చూపించేది కదక్కా" అంది.

ఆ గదిలో పడి ఉన్నప్పుడు ఆబిడ్స్ గుర్తొచ్చిందా, కలలేమైనా వచ్చాయా అని కూడా అడిగాను. "ఆ రోజులే గుర్తు లేవక్కా" అంది.

వేసవిలో, ఏమీ చెప్పకుండా, తనను యాదగిరన్న దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సౌమ్య కాళ్ల వైపు చూశాడు, తర్వాత మొహం వైపు.

"పానం బాగైందా బిడ్డా?"

"నాకు బాగాలేదని నీకెవరు చెప్పారన్నా?"

"నువ్వే చెప్పినవ్ గదనే."

సౌమ్య నవ్వేసి పుస్తకాల మీదికి వంగింది. పెద్దవాడు ఎవరినో చూసి ఎవరో అనుకుంటున్నాడనుకుంది. నేను, ఆయన ఒకరినొకరు చూసుకున్నాం.

పోలికలున్న ఇంకో అమ్మాయి అయి ఉండొచ్చు. హైదరాబాద్‌లో పొట్టి జుట్టు అమ్మాయిలు తక్కువా? జబ్బుపడ్డ ఏ అమ్మాయైనా దారి అడగొచ్చు. రాత్రిళ్లు ఈ లెక్కలన్నీ వేసుకుంటాను. రెండుసార్లూ ఆయన దగ్గరికే ఎందుకు, ఆ ఆదివారమే ఎందుకు అన్న దగ్గర ఆగిపోతాను.

వచ్చే నెల సౌమ్య మిగిలిన చదువు పూర్తి చేయడానికి మళ్లీ వెళ్తోంది. మొన్న ఆదివారం నేనొక్కదాన్నే ఆబిడ్స్‌కు వెళ్లి, యాదగిరన్న ఫోన్ అడిగి తీసుకుని నా నంబరు అందులో ఎక్కించాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "ఈసారి వొస్తే పోనియ్య. కూసోబెట్టి నీకు ఫోన్ కొడ్త" అన్నాడు.