వద్దు అనే బటన్

నేను చేసే పని ఏమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్క సందులో, మేడ మీద గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా లాప్‌టాప్ ముందు కూర్చుంటాను కాబట్టి నేను ఫోన్లు బాగుచేస్తానని అందరూ తీర్మానించేశారు. కింద వాటాలో ఉండే పిన్నిగారు ఫోన్‌లో మాట వినపడకపోతే తెచ్చి నా చేతిలో పెడుతుంది. మొదట్లో "నేను యాప్ డిజైనర్ని పిన్నిగారూ" అనేదాన్ని. "అదేనమ్మా, ఫోన్లేగా" అనేది. తర్వాత చెప్పడం మానేశాను.

నిజానికి నా పని ఇంకా చిన్నది. బెంగళూరులో ఒక కంపెనీ రైతుల కోసం యాప్ చేసింది. తెగులు పట్టిన ఆకును ఫొటో తీసి పెడితే అదేం తెగులో, ఏ మందు కొట్టాలో చెబుతుంది. ఆ యాప్‌లో డబ్బు కట్టమని అడిగే స్క్రీన్ ఒకటుంటుంది. దాన్ని గీసేది నేను. ఆఫీసులో తెలుగు వచ్చిన డిజైనర్ని నేనొక్కదాన్నే గనక అందులో తెలుగు రాసేదీ నేనే.

ఆ స్క్రీన్ గీసే ముందు మమ్మల్ని బెంగళూరు పిలిపించి, రైతు మనసు అర్థం చేసుకోవడం ఎలాగో రెండు రోజులు ఏసీ గదిలో నేర్పించారు. గోడకి ఒక మహిళా రైతు ఫొటో అంటించారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో. చీరకట్టు చూస్తే మరాఠీ ఆవిడ. ఆవిడ ఆశలు ఆకుపచ్చ చీటీల మీద, భయాలు పసుపు చీటీల మీద రాసి చుట్టూ అంటించమన్నారు. భయాల కింద నేను "పంట పోవడం" అని రాశాను. మా మేనేజర్ చప్పట్లు కొట్టాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు. మిరప చేను ఎప్పుడూ చూడలేదు గానీ మిరపకాయ బజ్జీ అంటే ప్రాణం. "ఈ భయాన్ని మనం డిజైన్‌లోకి తీసుకురావాలి" అన్నాడు.

తీసుకొచ్చాను. అరచేతి వెడల్పున ఆకుపచ్చ బటన్ పెట్టి దాని మీద "ఒక్క రూపాయికే ఏడు రోజులు!" అని రాశాను. ఆ తర్వాత మూడు నెలలకోసారి ఖాతాలోంచి మూడు వందల తొంభై తొమ్మిది రూపాయలు వాటంతటవే పోతాయన్న సంగతి కింద, బూడిద రంగు నేల మీద బూడిద రంగు అక్షరాలతో రాశాను. మూసెయ్యడానికి మూలన ఇంటూ గుర్తు ఉంటుంది. అది అయిదు సెకన్లు ఆగి వస్తుంది. వద్దనుకునేవాళ్ళు నొక్కడానికి అడుగున ఒక వాక్యం: "వద్దు, నా పంట ఏమైపోయినా పర్లేదు."

ఆ వాక్యానికి ఆ నెల ఆఫీసులో నాకు బహుమతి వచ్చింది. కంపెనీ బొమ్మ వేసిన నీళ్ళ సీసా.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున మా చిన్నమ్మ బస్సు దిగి వచ్చింది. మా అమ్మ చెల్లెలు. గురజాల అవతల పల్లెటూళ్ళో రెండెకరాల మిరప తోట చేస్తుంది. చిన్నాన్న నాపరాళ్ళ లారీ మీద డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు గనక సేద్యమంతా ఆవిడదే. చెప్పులు విప్పుతూనే ఫోన్ తీసి నాకిచ్చింది.

"ఏమే, నీకు ఫోన్ల సంగతి చానా తెలుసంట గదా. ఇదేందో చూడు. నేను అడక్కుండానే డబ్బులు లాగేస్తంది. రెండుసార్లయింది. బ్యాంకుకి పోతే నువ్వే ఒప్పుకున్నావమ్మా అంటన్నారు."

చూశాను. మా యాపే.

"ఒప్పుకున్నావా చిన్నమ్మా?"

"రూపాయన్నాడు. రూపాయే గదా అని పిన్ కొట్టా."

"తర్వాత ఎంత పోతుందో కింద రాసి ఉంటుందిగా" అన్నాను. ఆ మాట అన్నది నేనా, కంపెనీయా అని నాకే అనుమానం వచ్చింది.

"యాడ?"

ఆ స్క్రీన్ నా లాప్‌టాప్‌లో తెరిచి చూపించాను. చిన్నమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి, వేలితో దుమ్ము తుడిచినట్టు తుడిచింది. "ఇది రాతా? నేను మరకనుకున్నా" అంది.

"పోనీ, వద్దు అని నొక్కాల్సింది."

"నొక్కబోయా. నొక్కేముందు చదివా. ఏముందాడ? నా పంట ఏమైపోయినా పర్లేదని ఉంది! చేలో నిలబడి ఉన్నానే నేను. ఆకంతా ముడుచుకుపోయి ఉంది. పచ్చటి పైరు ముందర నిలబడి ఆ మాట ఎట్టా నొక్కమంటావు? నోట అనకూడని మాట. అందుకని పైనున్న పచ్చదే నొక్కా."

చిన్నమ్మ మోసపోయిందని అప్పటిదాకా అనుకున్నాను. ఆవిడ చదివింది, అర్థం చేసుకుంది, అపశకునం మాట అనలేక డబ్బు కట్టింది. మా బెంగళూరు గోడ మీది పసుపు చీటీ సరిగ్గా పనిచేసిందన్నమాట.

"ఎవడు రాశాడో గానీ, ఆడి నోట్లో మన్ను పొయ్య! ఆడు అన్నం తినడా? ఆడి ఇంట్లో పొయ్యి వెలగదా?" చిన్నమ్మ తిట్లు అందుకుంది. మా ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంది, దాని మీద ఆవిడ కోసం పెట్టిన కాఫీ పొంగుతోంది. ఆ పూట వంటలో వేసిన కారం కూడా ఆవిడ పంపిందే.

"ముందు ఇది ఆపుదాం" అని కూర్చున్నాను. గీసినదాన్ని గనక రెండు నిమిషాల పని అనుకున్నాను. సెట్టింగ్స్‌లో లేదు. నా ఖాతాలో లేదు. "సహాయం"లోకి వెళితే తరచూ అడిగే ప్రశ్నలు వచ్చాయి, ఈ ప్రశ్న అందులో లేదు. చివరికి "మీ ప్రయోజనాలు" అన్న చోట అడుగున దొరికింది. నొక్కగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్న మిరపకాయ బొమ్మ వచ్చి "నిజంగానే మమ్మల్ని వదిలి వెళ్తారా?" అని అడిగింది.

చిన్నమ్మ తొంగి చూసింది. "మిరపకాయ మనల్ని ఏడిపించిద్ది గానీ, అది ఏడవడం ఏందే?"

అది ఇంకో రెండుసార్లు ఏడ్చాక ఆగిపోయింది. ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోయే ఆటోపే కూడా తీసేశాను. ఇక దాచడం చేతకాలేదు.

"చిన్నమ్మా, ఆ మాట రాసింది నేనే."

"ఏ మాట?"

"పంట ఏమైపోయినా పర్లేదని."

నా వంక చూసింది. "నువ్వా?"

"ఆఫీసులో రాయమన్నారు."

"రాయమంటే రాస్తావా?"

ముక్కూ మొహం తెలియనివాణ్ణి అంతసేపు తిట్టిన మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెడితే తల వంచుకుని తిన్నది. తిట్టి ఉంటే బాగుండేది. కంచం కడిగి బోర్లించాక, చేతులు కొంగుకి తుడుచుకుంటూ అడిగింది: "మంచిగా రాయడం రాదా నీకు?"

నా పదేళ్ళ ఉద్యోగంలో నా పని గురించి ఎవరూ అడగని ప్రశ్న అది.

"నువ్వైతే ఎట్టా రాస్తావు?" అన్నాను.

"రాసేదేముంది? కోతకి మనుషుల్ని పిలిచేటప్పుడు ఏం చెబుతాం? కూలి ఇంత, ఇన్నింటికి చేలో దిగాల, ఇన్నింటికి వదిలేస్తా, ఆటో ఛార్జీ నాది. వస్తే రండి, లేకపోతే లేదు. రానన్నోళ్ళని మీ పిల్లలు ఏమైపోయినా పర్లేదా అని అడుగుతామా? అడిగితే ఊళ్ళో ఉండనిస్తారా?"

ఆవిడ మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. నేను అదే రోజు కొత్త స్క్రీన్ గీశాను. "మొదటి ఏడు రోజులకు ఒక రూపాయి. ఎనిమిదో రోజున, ఆ తర్వాత మూడు నెలలకోసారి, మీ ఖాతాలోంచి మూడు వందల తొంభై తొమ్మిది రూపాయలు తీసుకుంటాం. తీసుకునే రెండు రోజుల ముందు తెలుగులో మెసేజ్ పంపుతాం. ఎప్పుడైనా ఇక్కడే ఆపెయ్యవచ్చు." అక్షరాలన్నీ ఒకే సైజు, నల్లగా. కింద రెండు బటన్లు, రెండూ ఒకే కొలత. ఒకటి "సరే". ఇంకొకటి "ఇప్పుడొద్దు".

ఆన్‌లైన్ మీటింగ్‌లో ఆ బొమ్మ అందరికీ చూపించాను.

"చాలా క్లియర్‌గా ఉంది" అన్నాడు మేనేజర్, డాక్టరు రిపోర్టు చూసి చెప్పినట్టు. "ఇంత క్లియర్‌గా ఉంటే యూజర్ ఆలోచిస్తాడు కదా?"

"ఆలోచించాలనే" అన్నాను.

ఒకరు నిజాయితీకి ఏ రంగు బాగుంటుందో సర్వే చేద్దామన్నారు. ఇంకొకరు "ఇప్పుడొద్దు" అన్నది మరీ నిరుత్సాహంగా ఉంది, "ఇప్పుడే కాకపోయినా తప్పకుండా!" అని మారుద్దామన్నారు. మార్కెటింగ్ ఆయన మిరపకాయ ఏడుపు తీసేస్తే బ్రాండుకి ఆత్మ పోతుందని బాధపడ్డాడు. ముప్పావు గంట తర్వాత నేను యాప్ కింద జనం రాసిన తిట్లు కొన్ని ఇంగ్లీషులోకి అనువదించి చదివాను. మూడో తిట్టు సగంలో ఉండగా మేనేజర్ ఆపమన్నాడు. పల్నాడు ఒక్క జిల్లాలో పెట్టి చూద్దామన్నాడు. "ఏదైనా తేడా వస్తే మీరు అక్కడే ఉంటారు కదా" అని కూడా అన్నాడు.

కొత్త స్క్రీన్ వచ్చాక "సరే" నొక్కేవాళ్ళు తగ్గారు. మేనేజర్ రోజూ ఫోన్ చేసి, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ గురించి అడిగినట్టు అడిగేవాడు. కొన్ని నెలలు గడిచాక, నొక్కినవాళ్ళలో చాలామంది మధ్యలో ఆపెయ్యకుండా డబ్బు కడుతూనే ఉన్నారని, డబ్బు వెనక్కివ్వమనే ఫోన్లు దాదాపు ఆగిపోయాయని తెలిసింది. ఆ వారమే మేనేజర్ పెద్దవాళ్ళ ముందు "నిజాయితీ మా రక్తంలోనే ఉంది" అని ప్రజెంటేషన్ ఇచ్చాడు. తెలుగు జిల్లాలన్నిటికీ కొత్త స్క్రీన్ ఒప్పుకున్నారు. మరాఠీలో, కన్నడంలో మాత్రం పాతదే నడుస్తోంది. అక్కడికి ఇంకా రక్తం ఎక్కించలేదు. ఎప్పుడని నెలనెలా అడుగుతున్నాను, వచ్చే క్వార్టర్ అంటున్నారు.

ఈ మధ్య కోతల సమయంలో చిన్నమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. తోటలో గట్టు మీద కూర్చోబెట్టి, ఫోన్‌లో కొత్త స్క్రీన్ తెరిచి ఆవిడకిచ్చాను. చిన్నమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో మాటా పైకి చదివింది.

"బాగుందే. అంతా తెలిసింది" అంది. అని, "ఇప్పుడొద్దు" నొక్కింది.

"అదేంది చిన్నమ్మా, బాగుందంటివిగా?"

"బాగుంది గాబట్టే వద్దన్నా. కాయ కోతకొచ్చింది, ఇంక ఆకుల ఫొటోలతో నాకేం పని? వచ్చే ఏడు తెగులొస్తే అప్పుడు చూద్దాంలే."

ఫోన్ నా ఒళ్ళో పెట్టి, బస్తాల దగ్గరికి నడిచింది. నేను గీసిన స్క్రీన్ మీద ఒక మనిషి ఇంత తీరిగ్గా వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపు అక్కడే కూర్చుని, చీర కుచ్చెళ్ళు దోపుకుని, కాయలు కోయడానికి చిన్నమ్మ పక్క సాలులో దిగాను.