చెవుడొచ్చిన కుక్క, కుంటి కూన

మా కుక్కకు చెవుడు వచ్చిందని మాకు తెలిసింది కోళ్ళు పోయిన రోజున. అప్పట్లో అమీర్‌పేటలో మా ఇంటి వెనక ఇళ్ళు లేవు. సీతాఫలం పొదలు, బండలు, వాటి అవతల బంజారా గుట్టలు. తెల్లవారుతుండగా అడవిపిల్లి వచ్చి కోళ్ళగూడు తలుపు లాగేసి పెట్టల్ని ఎత్తుకుపోయింది. మంచంలోంచి మా అత్తమ్మ ఒకటే కేకలు. నేను లేచి పెరట్లోకి వెళ్ళేసరికి ఈకలే మిగిలాయి. గూటికి బారెడు దూరంలో కుక్క ముందరి కాళ్ళ మీద గడ్డం ఆనించి హాయిగా నిద్రపోతోంది. నేను దాని వెనక నిలబడి సత్తు చెంబు బండకేసి కొట్టాను. చెవి కూడా కదల్లేదు. వీపు మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి లేచి, నన్ను చూసి తోక ఊపింది.

అది, నేను ఆ ఇంటికి ఒకే ఏడు వచ్చాం. నేను కొత్త కోడలిగా గడపలో విడిచిన చెప్పును కొరికి పారేసిన కూన అదే. ఇప్పుడు దాని మూతి తెల్లబడింది. నా జుట్టూ అక్కడక్కడ తెల్లబడింది.

యుద్ధం రోజులవి. బియ్యం కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు. మా ఆయన రైలు గార్డు. బండితో కాజీపేటకో వాడి జంక్షనుకో పోయి, వచ్చి, ఇంట్లో పడి నిద్రపోయి మళ్ళీ పోయేవాడు. నేను ఆడవాళ్ళ ఆసుపత్రిలో నర్సును. ఖైరతాబాద్ దాకా నడిచి అక్కడ బస్సు ఎక్కేదాన్ని. మాకు పిల్లలు లేరు. అత్తమ్మ పెరట్లో జారిపడి తుంటి విరిగి మంచాన పడింది. నేను డ్యూటీకి పోతే పక్కింటామె వచ్చి చూసుకునేది. వార్డులో రోగులను ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, ఇంటికి వచ్చి మళ్ళీ అదే పని. నా చేతులకు ఆసుపత్రి ఎక్కడ అయిపోయిందో, ఇల్లు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

కోళ్ళ సంగతి విని మా ఆయన అన్నాడు, "గిది ఇగ కావలికి పనికి రాదు. బంజారా హిల్స్‌ల ఒక బంగ్లా కాడ కుక్క ఈనింది. చౌకీదారుతోని మాట్లాడిన. మగకూన ఇస్తనన్నడు. నీకు సెలవున్ననాడు పోయి తీస్కరా."

"నేనా?" అన్నాను.

"నేను రేపు లైనుకు పోతున్న గద" అన్నాడు. మర్నాడు పోయాడు.

నాకు కూన అక్కర్లేదు. కూన అంటే పాలు, ఉచ్చ తుడవడం, చెప్పులు దాచుకోవడం. ఇంట్లో అప్పటికే నా చేతి తిండి కోసం చూసే ప్రాణాలు చాలానే ఉన్నాయి. అత్తమ్మ ఒద్దంటుందని ఆశపడ్డాను. ఒద్దనే అంది మొదట. "మా ముసలోడు బతికుండంగనే ఇంకోదాన్ని తెస్తరా?" అంది. ముసలోడంటే ఆ కుక్కే. పగలంతా ఆమె మంచం కిందే ఉండేది. చెయ్యి జారవేస్తే దాని తల తగిలేది. కానీ కొడుకు చెప్పిన మాటకు ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. సాయంత్రానికల్లా మాట మార్చింది. "తెస్తే తెండ్రి. గని నేను జెప్పినట్టు తేవాలె."

ఆ చెప్పడం రోజూ కొంచెం కొంచెం సాగింది. ముసలి కుక్క గోనెసంచి కూనకు వెయ్యకూడదు. దాని పింగాణీ పళ్ళెంలో కూనకు పెట్టకూడదు. ముందు జొన్న గటక ముసలిదానికి, తర్వాతే కూనకు. కొన్నాళ్ళు ఒకదాన్నొకటి చూసుకోవాలి గానీ తాకకూడదు. నేను అమీర్‌పేట బజారులో ఒక వెదురు తడక కొని మోసుకొచ్చి, పెరటి వసారా మూలకు అడ్డంగా సుతిలితో కట్టాను. కూనకు ఒక పాత సత్తు గిన్నె తీశాను. చిరిగిన గొంగడి ముక్క కత్తిరించి పరిచాను. ముసలిదాని పిడుదులు కూనకు ఎక్కుతాయని, ఆదివారం చర్చిలో ప్రార్థన నుంచి వచ్చి, అన్నం తిని, మధ్యాహ్నమంతా కుక్క ఒళ్ళు దువ్వి పిడుదులు ఏరి కిరసనాయిల్లో వేశాను. దీపానికే చాలని నూనె అది. కుక్క నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది. నేనూ కూర్చునే కునికాను.

"దానికి చెప్పినవా?" అంది అత్తమ్మ ఆ సాయంత్రం.

"ఏం చెప్పాలె?"

"కొత్తది వస్తుందని. ఇంట్లకు కొత్తది వస్తుందంటే ముందుగాల పాతదానికి చెప్పాలె."

"దానికి వినపడదు గద అత్తమ్మా."

"వినపడకుంటే ఏమాయె? చెప్పేటోళ్ళ మొఖం చూస్తది గద." పైకప్పు పెంకుల వైపు చూస్తూ అంది. "నువ్వొచ్చినప్పుడు సుత నాకు ఎవ్వలు చెప్పలె. మీ మామ పోయి పిల్లను ఖాయం చేసి వచ్చిండు. గుడిల పాదిరి పెండ్లి చీటీ చదివినంక నాకు ఎర్క అయింది. వారం దినాలు నాకు అన్నం సయించలె."

అన్నేళ్ళుగా ఆ మాట నాకు తెలియదు. కొత్తలో ఆమె నాతో సరిగా మాట్లాడకపోతే, నా నల్లరంగు నచ్చలేదేమో అనుకున్నాను. నా వంట నచ్చలేదేమో అనుకున్నాను. రోజూ ఒకటి మార్చి చూశాను. ఇప్పుడు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆమె కాళ్ళ కింద దిండు సర్ది, వెళ్ళి కుక్క ముందు చతికిలపడి, "కూనను తెస్తున్న. నువ్వు జర ఓర్సుకోవాలె" అని చెప్పాను. అది నా చెయ్యి నాకింది. మంచం మీంచి అత్తమ్మ, "ఆ, గట్ల" అంది.

సెలవు రోజు వచ్చింది. ఆఖరి షరతు ఒకటి మిగిలింది. కుక్కను కూడా తీసుకుపోవాలట. "తొవ్వలనే చూసుకోనియ్యి. ఇంట్లకు మాత్రం ముందు ఇదే రావాలె." పక్కింటామెను అత్తమ్మ దగ్గర కూర్చోబెట్టి, కూనను వేసుకురావడానికి ఖాళీ మామిడిపండ్ల గంప చంకన పెట్టుకుని, కుక్క మెడకు తాడు కట్టి బయలుదేరాను. పంజాగుట్టకు చేరేసరికే అది రొప్పుతోంది. గుట్ట ఎక్కలేదని, అక్కడ కిరాయి సైకిళ్ళ దుకాణం ముందు ఆగాను. దుకాణం చాచా మా ఆయనకు పాత పరిచయం.

"చాచా, దీన్ని జర చూస్తావా? పైకి పోయి వస్త."

"ఉండనియ్యి బేటీ, ఫికర్ చెయ్యకు. నాకన్న ముసలిది, యాడికి పోతది?" అని నవ్వి దానికి నీళ్ళు పెట్టాడు.

గుట్ట ఎక్కి బంగ్లా వెనక వైపు వెళ్ళాను. చౌకీదారు లేడు. అతని భార్య వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నేనెవరో చెప్పగానే నాలుక కరుచుకుంది.

"అరే బహెన్, మగకూన లేదు గద! సాహెబ్ దోస్తు నిన్న వచ్చిండు, మోటర్ల ఏసుకొని పోయిండు. మేమేం అంటం? మా కుక్కనా ఏమన్ననా?"

నేను గంప కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. ముందు కలిగింది సంతోషమే. ఇక పోయి పడుకోవచ్చు. ఆమె నా ముఖం చూసి చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుండగా గడ్డివాము పక్కనుంచి మట్టిరంగు కూన ఒకటి కుంటుకుంటూ వచ్చి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. వెనక కాలు ఒకటి లోపలికి వంగి ఉంది.

"అది ఆడది. కాలు సుత మంచిగ లేదు. ఎవ్వరు తీస్కపోలె" అంది ఆమె. "సాహెబ్ దాన్ని ఉంచనియ్యడు."

ఆడకుక్క వద్దని మా ఆయన గట్టిగా చెప్పాడు. ఈతలు ఎవరు చూస్తారని. నేను ఆలోచించానని చెప్పలేను. తడక కట్టాను, గిన్నె తీశాను, గొంగడి కత్తిరించాను. కుక్కకు చెప్పాను కూడా. ఇదంతా మళ్ళీ ఇంకో రోజు ఇంకో కూన కోసం మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. దాన్ని ఎత్తి గంపలో వేసుకుని దిగి వచ్చాను.

చాచా తాడు విప్పేసి ఉంచాడు. నేను గంప దించగానే కుక్క వచ్చి మూతి లోపల పెట్టింది. కూన దాని ముక్కు నాకింది. ముసలిది తుమ్మి, తల విదిలించి, వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది. అమీర్‌పేట వైపు కాదు, రోడ్డు దిగి బండల వైపు.

"ఓ బేటీ, పోతుంది, పిలువు!" అన్నాడు చాచా.

చెవిటిదాన్ని పిలిచి ఏం లాభం? మనిషి కుక్కను కట్టేసేది తాడుతో కాదు, గొంతుతో అని నాకు అప్పుడు అర్థమైంది. నేను గంప చంకనేసుకుని పొదల్లో దాని వెనక పడ్డాను. గుట్ట ఎక్కలేని కుక్క ఇప్పుడు ఎక్కడా ఆగదు. పొద్దు వాలుతోంది. ముళ్ళకు చీర పట్టుకుని చిరిగింది. ఒక బండ దగ్గరకు వచ్చేసరికి నా కాళ్ళు ఇక నడవలేదు. కూర్చున్నాను. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఎవరో ఒకరికి ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను, ఈ రెంటినీ ఇక్కడే వదిలి ఇంటికి పోతే ఏమవుతుంది అనుకున్నాను. అత్తమ్మ ముఖం గుర్తొచ్చింది. ఏడుపు వచ్చింది. ఎవరూ లేరు కదా అని గట్టిగానే ఏడ్చాను.

గంప పక్కకు ఒరిగి కూన బయటపడింది. ముసలిది కొంచెం అవతల బండను వాసన చూస్తోంది. కూన కుంటుతూ దాని కిందికి దూరి పాల కోసం పొట్ట వెతకసాగింది. ముసలిది మగకుక్క. బిగుసుకుపోయి గుర్రుమంది. కూన వినలేదు. ముసలిది పక్కకు జరిగితే ఇదీ జరిగింది. ఒకసారి పళ్ళు బయటపెట్టి గాలిని కొరికింది. కూన వెల్లకిలా పడి, లేచి, మళ్ళీ అక్కడికే వెళ్ళింది. అప్పుడు ముసలిది తలెత్తి నా వైపు చూసింది, దీన్ని తియ్యి అన్నట్టుగా.

"నా తోని కాదు. నేను లేవలేను" అన్నాను.

అది కొంతసేపు నిలబడి, ఊపిరి విడిచి, రోడ్డు వైపు మళ్ళింది. మెల్లగా నడిచింది. కూన వెనకబడి కీచుమంటే నేను లేచి దాన్ని గంపలో వేసుకున్నాను. ఇంటి దాకా ముసలిదే ముందు నడిచింది. గడప కూడా ముందు అదే దాటింది, నేను ఏమీ చెయ్యనక్కర లేకుండానే. "చూసినవా!" అంది అత్తమ్మ, అంతా తన పథకమే అన్నట్టు. నేను బండల సంగతి చెప్పలేదు.

తడక వెనక కూన ఏడుస్తూనే ఉండేది. ఆ ఏడుపు వినపడని ప్రాణి ఇంట్లో ఒక్కటే, ఆ ముసలి కుక్క. కానీ మర్నాడు అది గటక ముట్టలేదు. ఆ తర్వాతి రోజూ ముట్టలేదు. అది తినడం లేదని అత్తమ్మ కూడా గిన్నె పక్కకు నెట్టింది. "నాకు సయిస్తలేదు" అంది. ఇద్దరినీ బతిమాలే ఓపిక లేక, ఎవరి తిండి వాళ్ళ ముందు పెట్టేసి డ్యూటీకి వెళ్ళిపోయాను. ఆ పూట వార్డులో ఒక బాలింతరాలు చనిపోయింది. ఇంటికి ఎలా నడిచి వచ్చానో తెలియదు.

లోపలికి రాగానే అత్తమ్మ నవ్వు వినిపించింది. తుంటి విరిగినాక ఆమె నవ్వడం అదే మొదలు.

"గా కుంటిది సుతిలి కొరికి తడక పడగొట్టిందే! వచ్చి మా ముసలోని పళ్ళెంల మూతి పెట్టింది. వాడు చూసిండు, చూసిండు, లేచిండు. దాన్ని పక్కకు నూకి మొత్తం తానే తిన్నడు. పళ్ళెం సుత నాకిండు. మొండితనం గాకపోతే!"

ఆమె గిన్నె కూడా ఖాళీగా ఉంది. నేను పడిపోయిన తడకను గోడకు ఆనించాను. మళ్ళీ కట్టలేదు.

మా ఆయన వచ్చి కూనను తిప్పి చూశాడు. "మగదన్నడు గద?"

"ఇదే ఉండె."

"కుంటుతుంది."

"అవును" అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. చొక్కా విప్పి తానే బావిలో నీళ్ళు తోడుకున్నాడు.

కూన పెరిగింది. కాలు వంకరే ఉంది గానీ చెవులు మాత్రం చురుకు. ఏ చిన్న చప్పుడైనా లేచి మొరిగేది. ముసలిదానికి ఆ మొరుగుడు వినపడేది కాదు. కానీ అది లేవడం చూసి తానూ లేచి, ఎటో తెలియక, చాలాసార్లు గోడ వైపు తిరిగి గట్టిగా మొరిగేది. "అటు కాదురా, ఇటు!" అని అత్తమ్మ మంచంలోంచి చెయ్యి ఊపేది. దాన్ని చూసి అది ఇంకా హుషారుగా గోడను అరిచేది. అడవిపిల్లి మాత్రం మళ్ళీ రాలేదు.

మరుసటి వానాకాలంలో ముసలిది అత్తమ్మ మంచం కిందే పోయింది. పొద్దున్నే పెరట్లో పూడ్చాం. అత్తమ్మ ఆ రోజు జారవేసిన చెయ్యి పైకి తీసుకోలేదు. కూన చాలాసేపు దూరంగా కూర్చుని, తర్వాత వచ్చి ఆ చేతి కింద తల పెట్టిందని పక్కింటామె చెప్పింది. నేను చూడలేదు. డ్యూటీలో ఉన్నాను.

ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది వేరే ఒకటి. ముసలిది ఇంకా ఉన్నప్పుడు, ఒక సెలవునాడు మధ్యాహ్నం అన్నం తిని వసారాలో చాప మీద నడుం వాల్చాను. కళ్ళు తెరిచేసరికి ఎండ గోడ దాకా వాలింది. ఇల్లంతా నిశ్శబ్దం. అత్తమ్మ నిద్రపోతోంది. మంచం కింద రెండు కుక్కలూ వీపుకు వీపు ఆనించి నిద్రపోతున్నాయి. ఎవరికీ నాతో పని లేదు. లేచి పొయ్యి వెలిగించాలని తెలుసు. అయినా ఇంకాసేపు అలాగే పడుకున్నాను.