గుస్సాడీల రోజుల్లో గస్తీ

1966 అక్టోబరులో నన్ను ఆదిలాబాద్ జిల్లా జైనూర్ దగ్గర అడవిలో పెట్టిన ఒక తాత్కాలిక శిక్షణ శిబిరానికి పంపారు. అప్పుడు నేను లెఫ్టినెంట్‌ని, అంటే అధికారుల్లో కింది నుంచి రెండో మెట్టు. హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, ఐదేళ్ళ కమిషన్ మీద సిగ్నల్స్ విభాగంలో చేరాను. మాది కరీంనగర్ కనుక స్థానికులతో మాట్లాడటానికి కూడా పనికొస్తానని పైవాళ్ళు అనుకుని ఉంటారు.

శిబిరం పని దూరపు గస్తీకి సిపాయిలను తయారుచేయడం. మామూలు గస్తీ పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తుంది. దూరపు గస్తీ అలా కాదు. నలుగురు మనుషులు శత్రువు ఆధీనంలోని ప్రాంతంలోకి చొరబడి, ఒక దారినో వంతెననో కొన్ని రోజులు కనిపెట్టి, చూసింది వైర్‌లెస్‌లో చెప్పి, ఒక్క తూటా కాల్చకుండా తిరిగి రావాలి. వాళ్ళ ఆయుధం కళ్ళే. ఎవరి కంటనైనా పడ్డారంటే వెళ్ళిన పని పోయినట్టే.

అందుకు నేను నేర్పే నియమాలు ఇవి. అడవిలోకి వెళ్ళే రెండు రోజుల ముందు నుంచే సబ్బు వాడకూడదు, వాసన దూరం పోతుంది. గడ్డం గీయకూడదు. బీడీ లేదు. ముఖానికి, చేతులకు మసి, బూడిద కలిపి పూసుకోవాలి. తలకు కొమ్మలు, ఆకులు కట్టుకోవాలి. నేల మీదే పడుకోవాలి. పగలు మాట లేదు. పక్కన అడుగుల చప్పుడు వినబడినా కదలకూడదు.

నేను తయారుచేస్తున్న నలుగురి దళంలో వైర్‌లెస్ ఆపరేటర్ పోశెట్టి నస్పూర్ వైపు వాడు, బొగ్గు గని కార్మికుడి కొడుకు. మసి పూసే పాఠం రోజున, "మా బాపు గనిల దిగితె గీ మసి ఊకెనే అంటుతది సార్. గిక్కడ దీన్ని ట్రైనింగ్ అంటరా?" అన్నాడు. అందరూ నవ్వారు. దళం నాయకుడు రాజయ్య మాత్రం నవ్వలేదు.

రాజయ్య సిరిసిల్ల నేత కుటుంబం వాడు. చేతి మీద రెండు పట్టీల నాయక్. మూడో పట్టీ వస్తే హవల్దార్ అవుతాడు, మరికొన్నేళ్ళు నౌకరీ ఉంటుంది. రాకపోతే మరుసటి ఏడాది పెట్టె సర్దుకోవాలి. అంతకుముందు ఒకసారి ఇలాంటి పరీక్షలోనే తప్పాడు. ఈసారీ తప్పితే తిరిగి పాత పటాలానికి పంపిస్తారు, ఇక పట్టీ మాట ఉండదు. పోశెట్టి అతన్ని, "ఏందన్నా, మళ్ళ మగ్గం గుంటల కాళ్ళు పెడ్తవా?" అని ఏడిపించేవాడు. "నువ్వు గనిల దిగినంక చూద్దాం తియ్" అని రాజయ్య జవాబు.

చివరి పరీక్షలో దళం కొండల మీదుగా నడిచి, ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ వెళ్ళే దారిని నాలుగు రోజులు కనిపెట్టాలి. మరో కంపెనీ శత్రువు వేషంలో వాళ్ళ కోసం వెతుకుతుంది. మా శిబిరం కమాండర్ మేజర్‌గారే తీర్పరి. దళం బయటి మనుషుల కంటపడితే పరీక్ష పోయినట్టని ఆయన ముందే చెప్పారు. దీపావళికి వారం ముందు రాజయ్య దళం బయలుదేరింది. ఆ రోజులు మేము ఎంచుకోవడానికి కారణం ఒక్కటే, వానలు పూర్తిగా వెనకబట్టాయి.

మొదటి రోజు నుంచే కంట్రోల్ గుడారంలో అయోమయం మొదలైంది. కంట్రోల్ అంటే సందేశాలు అందుకుని మ్యాపు మీద గుర్తులు పెట్టే చోటు. పోశెట్టి పొద్దున పంపిన సందేశంలో ముప్పై మంది గుంపు తూర్పుకు పోతోందని ఉంది. సాయంత్రం మరో గుంపు పడమరకు. మర్నాడు ఇంకో గుంపు, వెంట డప్పులు. శత్రు కంపెనీలో అంతమంది లేరు, డప్పులు అసలే లేవు. మ్యాపు మీద ఎర్ర బాణాలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయాయి. శత్రు కంపెనీ సుబేదార్ మా గుడారానికి వచ్చి, మీరు మాకు చెప్పకుండా ఇంకో కంపెనీని దించారా అని నిలదీశాడు. ఆయన మనుషులూ ఆ గుంపుల వెంటే తిరిగి అలసిపోయారట.

మూడో రోజు సందేశం అన్నిటికంటే వింత. "రేషన్ అందింది. నలుగురికి సరిపడా. పంపింది ఎవరు?"

మేజర్‌గారు నా వైపు చూశారు. నేను పంపలేదు. శత్రు కంపెనీ పంపలేదు. మా సంకేత పుస్తకంలో తూటాలు, బండ్లు, రేషన్ వంటి మాటలకే గుర్తులున్నాయి కనుక పోశెట్టి అంతకంటే వివరంగా చెప్పలేడు. ఎవరో వాళ్ళను లెక్కతో సహా చూశారన్నది మాత్రం తేలింది. నువ్వే వెళ్ళి కనుక్కో, ఊరివాళ్ళు చూసుంటే దళాన్ని వెనక్కి పిలిచేద్దాం అన్నారు మేజర్‌గారు. పిలిస్తే రాజయ్య కథ అక్కడితో ముగిసినట్టే.

దళం ఉన్న చోటికి దగ్గరగా ఒక గోండు గూడెం ఉంది. జీపు దూరంగా ఆపి నడిచి వెళ్ళాను. గూడెం అంతా అలికి, ముగ్గులు వేసి ఉంది. ఊరి పటేల్ పెద్దవాడు, మంచం మీద కూర్చుని డప్పుకు తోలు బిగిస్తున్నాడు. మంచినీళ్ళిచ్చి కూర్చోమన్నాడు.

"ఇటు దిక్కు సిపాయిలు వచ్చిండ్రా, దాదా?" అని అడిగాను.

"వచ్చిండ్రు. మొన్న ఒక సుబేదార్ వచ్చి ఇదే ముచ్చట అడిగిండు. ఆయన తప్ప ఎవలు రాలే."

"మరి అడవిల ఎవరికన్న అన్నం పెట్టిండ్రా?"

"పెట్టినం, వాగు కాడ. గుస్సాడీలకు."

అప్పుడు నాకు ఆ గుంపుల సంగతి తెలిసింది. దీపావళికి ముందు ఆ కొండల్లో దండారి జరుగుతుంది. ఒక ఊరి ఆటగాళ్ళ బృందం డప్పులతో మరో ఊరికి నడిచి వెళ్తుంది, ఆ ఊరు వాళ్ళకు అన్నం పెట్టి ఆదరిస్తుంది. ఆ బృందంలో నెమలి ఈకల కిరీటం పెట్టుకునేవాళ్ళే గుస్సాడీలు. వాళ్ళ మీద దేవుడు ఉంటాడని నమ్మకం. ఆ రోజులన్నీ వాళ్ళు స్నానం చేయరు, ఒంటికి బూడిద పూసుకుంటారు, నేల మీదే పడుకుంటారు. పటేల్ ఒక్కొక్కటే చెబుతుంటే నాకు నా పాఠమే వినబడింది.

"వాళ్ళ తల మీద ఈకలు ఉన్నయా?" అని అడిగాను.

"ఆకులు ఉన్నయంట. ఏదో దూరపు ఊరోళ్ళు గావచ్చు. ఊరికో తీరు ఉంటది సాబ్."

"చేతుల తుపాకులు?"

"గుస్సాడీ చేతిల కర్ర ఉంటది. మా ముసలామె చూసింది, నేను చూడలే." డప్పు మీద రెండు దెబ్బలు వేసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "తొవ్వ తప్పినట్టున్నరు, పాపం. అన్నం పెట్టకుంటె మాకు మంచిగుండది. నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?"

అతని ముఖంలో నవ్వు ఉందో లేదో నేను కనిపెట్టలేకపోయాను. తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. చూశారా అంటే చూశారు. సిపాయిలనుకున్నారా అంటే లేదంటున్నారు. ఇంతకీ ఆ మాట నిజమా అంటే నాకు తెలియదు. మేజర్‌గారు చాలాసేపు మ్యాపు చూసి, దళాన్ని పిలవకుండా అలాగే ఉంచమన్నారు. తీర్పు తరువాత చెబుతానన్నారు.

నాలుగు రోజుల గడువు అయ్యాక దళం చెప్పిన చోటికి చేరుకుంది. దారి మీద పోయిన బండ్ల వివరాలు శత్రు కంపెనీ రాసుకున్న వాటితో సరిపోయాయి. ఇక విచారణ మిగిలింది. గస్తీ నుంచి వచ్చినవాళ్ళను కడుక్కోనివ్వకుండానే, మరచిపోకముందే అన్నీ అడిగి రాసుకోవడం పద్ధతి. అందుకని రాజయ్య మసి ముఖంతోనే నిలబడ్డాడు.

వాగు దగ్గర మోదుగాకుల్లో జొన్న రవ్వతో వండిన గట్క, పప్పు కనబడ్డాయని చెప్పాడు. మొదటి రోజు ముట్టలేదు. దేవుడికి పెట్టిందో, తమను పట్టడానికి పెట్టిందో తెలియలేదట. మర్నాడు మళ్ళీ అక్కడే వేడిగా ఉంటే దండం పెట్టి తిన్నారు. ఆకులు పాతిపెట్టారు. అంతటితో ఆపి ఉంటే ఎవరూ ఇంకేమీ అడిగేవారు కాదు. అతను ఆపలేదు.

"ఇంకోటున్నది సార్" అన్నాడు నాతో. మేజర్‌గారికి నేను హిందీలో చెబుతూ వచ్చాను. "పొదల పండుకున్న. ఒక ముసలవ్వ నీళ్ళకు వచ్చి, నా దిక్కే మర్లి రెండు చేతులు జోడించింది. కదలొద్దంటిరి, కదలలే. దీవెన ఇయ్యాల్నో వద్దో సమజ్ కాలే."

ఆమె నిన్ను చూసిందా అని అడిగారు మేజర్‌గారు.

"చూసింది. కాని నన్ను గాదు."

వెనక పోశెట్టి, "నీకు మొక్కే అవ్వ గూడ ఉన్నదన్నా" అని గొణిగాడు. ఎవరూ నవ్వలేదు.

మేజర్‌గారు సుబేదార్‌ను ఒకే ప్రశ్న అడిగారు. ఆ గూడెంలో అడిగినప్పుడు నీకు ఏం చెప్పారు? సిపాయిలు రాలేదన్నారని అతను ఒప్పుకున్నాడు. శత్రువుకు కబురు అందలేదు, పని పూర్తయింది. నెగ్గినట్టు రాశారు. కాని రాసేముందు కలం రెండుసార్లు కింద పెట్టారు. ఆయనకూ పూర్తిగా నమ్మకం కుదరలేదనే నేను అనుకుంటాను.

పండుగ దాటాక రాజయ్య ఆ గూడేనికి వెళ్ళొస్తానని అడిగాడు. మొక్కు తీసుకుని జవాబు చెప్పకుండా వచ్చానన్నది అతని బాధ. నేనూ వెంట వెళ్ళాను. గడ్డం గీసుకుని, ఇస్త్రీ యూనిఫాంలో ఉన్నాడు. పటేల్ మమ్మల్ని చూసి, "ఎవలు సాబ్ ఈయన? కొత్తగ వచ్చిండా?" అన్నాడు. ముసలవ్వ లోపలి నుంచి రెండు విస్తళ్ళు తెచ్చింది. భుజం మీద నక్షత్రాలున్న అధికారిని నేను. ఆమె మొదటి విస్తరి రాజయ్య ముందు పెట్టింది. తల ఎత్తి అతని ముఖం చూడలేదు. వాగు దగ్గర చూసింది సిపాయినని ఆమెకు అప్పుడే తెలుసా అన్న నా ప్రశ్నకు అది జవాబో కాదో నేటికీ తేల్చుకోలేదు. రాజయ్య మాత్రం ఆమె కాళ్ళకు దండం పెట్టి తినడం మొదలుపెట్టాడు.

మూడో పట్టీ వచ్చాక అతను అదే శిబిరంలో నాతో పాటు ఇన్‌స్ట్రక్టర్ అయ్యాడు. మేము నియమాల పట్టికను మార్చాం. అడవిలోకి వెళ్ళే ముందు ఆ ఊళ్ళకు అవి ఏ రోజులో, ఎవరు ఎటు నడుస్తారో, ఎవరు ఎవరికి అన్నం పెడతారో కనుక్కోవాలన్నది మొదటి నియమంగా చేర్చాం. మనుషులున్న అడవిలో కంటపడకుండా ఉండటం అన్నివేళలా మన చేతిలో ఉండదు. చూసినవాళ్ళు మనల్ని ఎవరనుకుంటారన్నది కూడా శిక్షణలో భాగమే. అంతకుముందు దాన్ని మేము నేర్పలేదు.